ఖాతా తీయక వదలిన సభ్యత్వము: బ్రిటను రైతుల తగవు

మన గ్రామ సహకార సంఘమునుండి సభ్యుడొకడు వైదొలగదలచినచో పంచాయతిదారులు అతని అర్జీని చూచిన వెంటనే ఆమోదింపరు. ముందుగా ఖాతా తీయుదురు. వాటాధనమెంత, తీసికొన్న అప్పెంత, ఇతరులకు పూచీపడిన మొత్తమెంత అని లెక్క చూతురు. బాకీ చెల్లక, పూచీ తీరక సభ్యత్వము వదలుటకు వీలులేదు. ఈ నియమము మనలో పలువురకు కంటకముగా తోచియుండును. పొరుగువాని అప్పునకు పూచీపడి, అది తీరువరకు సంఘమును వదలలేక మేమును ఒకప్పుడు విసుగుకొన్నవారమే. ఐనను ఒక గొప్ప రాజ్యము ఖాతా తీయకయే సభ్యత్వము వదలుకొనుటకు ఎట్లు తీర్మానించెనో, దానివలన ఆ దేశపు రైతులలో ఎట్టి చీలిక పుట్టెనో విచారించిన పిదప, మన నిబంధనలు వ్రాసిన పెద్దల ముందుచూపు కొంత బోధపడినది.

ఆ రాజ్యము బ్రిటను. అది వదలినది ఐరోపా దేశముల కూటమిని. 2016 సం. జూను 23 తేదీని ఆ దేశపు వోటరుల చేతికి ఒక చీటి ఇయ్యబడెను. కూటమిలో సభ్యత్వము నిలుపుకొనవలయునా, లేక కూటమిని వీడవలయునా అను ప్రశ్న దానిపై నుండెను. ప్రశ్నక్రింద రెండు గడులు. వీడవలయునన్నవారు 1 కోటి 74 లక్షల 10 వేల పైచిలుకు. ఉండవలయునన్నవారు 1 కోటి 61 లక్షల 41 వేల పైచిలుకు. నూటికి 51.9 వంతులొక వైపు, 48.1 వంతులొక వైపు. వోటరులలో నూటికి 72 మంది వచ్చి చీటి వేసిరి. ఏ షరతులతో వీడవలెను, వీడిన పిమ్మట సుంకములెట్లుండును, పాలు, మాంసము, కూలీలు, సరిహద్దులు ఏమగును అను సంగతి ఆ చీటిపై ఒక్క అక్షరమైనను లేదు. ఆ దేశపు రైతులు తెలివితక్కువచే చీలిపోయిరని కొందరు వ్రాయుచుందురు. మేమట్లు తలపము. వారిని అడిగిన ప్రశ్నయే లోపభూయిష్టమైనదని మా యభిప్రాయము.

పూర్వకథ కొంత చెప్పనిదే ఈ తగవు అర్థము కాదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ మొదలగు ఆరు దేశములు 1957లో రోము నగరమున సంధి చేసికొని ఉమ్మడి విపణిని ఏర్పరచుకొనెను. సభ్య దేశముల నడుమ సుంకములుండవు. బయటి సరకుమీద అందరును ఒక్కటే సుంకము విధింతురు. బ్రిటను తానును చేరుదునని కోరగా, ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ 1963లోను 1967లోను అడ్డుపడెను. తుదకు ఎడ్వర్డు హీత్ ప్రధానమంత్రిగా నున్నపుడు 1973 జనవరి 1 తేదీని ప్రవేశము లభించెను. రెండేండ్లకు, 1975 జూనులో, ఉందుమా మానుదుమా అని ప్రజలనడుగగా నూటికి 67 మంది ఉండుటకే సమ్మతించిరి.

ఇచ్చట మన రైతులు గమనింపదగిన చిన్న సంగతి యొకటి కలదు. 1846లో ధాన్య శాసనములను రద్దుచేసికొన్న నాటినుండి బ్రిటను చాల వఱకు సముద్రముల కావలినుండి వచ్చు చవక తిండితో బ్రతికిన దేశము. న్యూజీలండు రైతు తీసిన వెన్నయు, పెంచిన గొఱ్ఱెయు చాల భాగము బ్రిటను బజారుకే పోవుచుండెను. బ్రిటను కూటమిలో చేరగనే ఆ రైతునకు కూటమి సుంకపు గోడ అడ్డమాయెను. కొంత కొలత మేరకు వెన్న తెచ్చుకొనుటకు సెలవిచ్చిరి గాని, నమ్మిన బేరగాడు తలుపు మూసెనన్న బాధ ఆ దేశమున చిరకాలము నిలిచెను. సంఘములో చేరుటకును ఖరీదుండును. ఆ ఖరీదు కొన్ని సమయములందు మూడవవాడు చెల్లించును. ఈ న్యూజీలండు రైతు కథ మరల వచ్చును.

ఇక కూటమి తన రైతులకు చేసినదేమి? మొదట పంటకు కనీసపు ధర కట్టి, ఆ ధరకు అమ్ముడుపోని సరకును తానే కొనెడిది. ఫలితముగా గిడ్డంగులలో వెన్న కొండలవలె పేరుకొనెను. 1984లో పాలకు కొలతలు విధించిరి. వంతునకు మించి పాలు పోసినచో జరిమానా. 1992 తరువాత ధరకు ఊతమిచ్చుట క్రమముగా తగ్గించి, రైతునకు నేరుగా ధనమిచ్చు పద్ధతి తెచ్చిరి. పోను పోను అది సాగుభూమి విస్తీర్ణమును బట్టి ఇచ్చునదిగా మారెను. బ్రిటను రైతులకు ఈ మార్గమున ఏటేట ఇంచుమించు 300 కోట్ల పౌండ్లు ముట్టుచుండెను. కొండ ప్రాంతములలో గొఱ్ఱెలను పశువులను పెంచు కాపులలో పలువురకు ఈ సొమ్ము లేనిదే ఏడాది లెక్క నష్టములో తేలును. విస్తీర్ణము చొప్పున ఇచ్చుటచే పెద్ద భూస్వామికి పెద్ద మొత్తము, చిన్న కమతమునకు చిన్న మొత్తము దక్కెడిది. ఈ పంపకము న్యాయమైనదని మేమనజాలము.

ధనముతోపాటు నిబంధనలును వచ్చెను. 2015 నుండి 30 హెక్టారులకు, అనగా ఇంచుమించు 74 ఎకరములకు మించి దున్ను రైతు మూడు రకముల పైరులు వేసితీరవలెను. పొలముల చుట్టునుండు చెట్ల కంచెలను ఏ నెలలలో కత్తిరింపరాదో ఆజ్ఞలుండెను. పటములో గట్టు కొంచెము తేడాగా కనబడినను సొమ్ము నిలిచిపోవును. అడంగలులోను పట్టాలోను విస్తీర్ణము కలియక కచేరీల చుట్టు తిరిగిన మన రైతునకు ఈ బాధను వేరుగ వర్ణింప నక్కరలేదు. మన కచేరీకి నడచి పోవచ్చును, ఉద్యోగి ఎదుట నిలిచి మొఱపెట్టుకొనవచ్చును. ఆ నిబంధనలు చేసినవారు బ్రసెల్సు నగరమున నుండిరి. వారిని తన వోటుచే తొలగింపగలనన్న నమ్మకము బ్రిటను రైతునకు లేకపోయెను.

ఈ కారణముచేతనే రైతులు రెండుగా చీలిరి. ఇంగ్లండు, వేల్సు రైతుల జాతీయ సంఘపు సభ 2016 ఏప్రిలులో చేరి, ఉన్న లెక్కలన్నియు చూచి, కూటమిలో నుండుటయే రైతులకు మేలని తీర్మానించెను. అదే నెలలో వ్యవసాయ వారపత్రిక యొకటి రైతులను విచారింపగా వారిలో సగమునకు పైగా వీడుదుమనిరి. ఒకే వ్యవసాయ శాఖలో పెద్ద మంత్రిణి లిజ్ ట్రస్ ఉండుట మేలనగా, ఆమె క్రింది మంత్రి జార్జి యూస్టిస్ వీడుట మేలనెను. ఆయన స్వయముగా కార్న్‌వాల్ సీమలోని పండ్లతోటల కాపుల కుటుంబమువాడు. ఇంటిపెద్ద యొక త్రోవ, చిన్నవాడొక త్రోవ అయిన కాపురము వలె ఆ శాఖ నడచెను.

వీడుదుమన్న రైతునకు సొమ్ము సంగతి తెలియదనుకొనరాదు. కూటమి యిచ్చుచున్న దానిని ఇకమీదట తమ ప్రభుత్వమే యిచ్చునని వీడువారి పక్షపు మంత్రులు మాట యిచ్చిరి. ఆ సొమ్మును మొదట బ్రిటను తానే కూటమికి కట్టి, అందులో కొంత తిరిగి పొందుచున్నది గదా, మధ్యవర్తి ఎందులకని అతని వాదము. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. ఉండుదుమన్న రైతు తన గొఱ్ఱెపిల్లల లెక్క చూపెను. బ్రిటనులో పెరుగు గొఱ్ఱె మాంసములో ఇంచుమించు మూడవ వంతు విదేశములకు పోవును. అట్లు పోవుదానిలో నూటికి 90 వంతులకు పైగా కూటమి దేశములే కొనును. సుంకము పడినచో ఆ బేరము కూలునని అతని భయము. ఇదియు త్రోసివేయదగినది కాదు. ఒకడు తన పొలముమీద పెత్తనమెవరిదని యడిగెను. రెండవవాడు తన సరకు కొనువాడెవడని యడిగెను. చీటిమీద ఈ రెండు ప్రశ్నలకును చోటు లేదు.

ఊరూరను చీలిక ఎట్లుండెనో చూడుడు. తూర్పు ఇంగ్లండున లింకన్‌షైరు జిల్లాలోని బోస్టను పట్టణము కూరగాయల సీమ. కోసుకూర, కాలీఫ్లవరు కోయుటకు పోలండు, లిథువేనియా మొదలగు దేశములనుండి వేలకొలది కూలీలు కూటమి హక్కుచే వచ్చి స్థిరపడిరి. ఆ కూలీలు లేనిదే రైతునకు కోత సాగదు. కూలి పెరుగదని, ఇండ్ల అద్దెలు పెరిగినవని, బడులలో చోటు చాలదని ఊరివారి మొఱ. ఆ పట్టణ ప్రాంతమున నూటికి 75.6 మంది వీడుదుమనిరి. దేశమునందంతటను ఇదియే పెద్ద మొత్తము. లండను నగరమున నూటికి దాదాపు 60 మంది ఉండుదుమనిరి. స్కాట్లండు నూటికి 62, ఉత్తర ఐర్లండు నూటికి 56 చొప్పున ఉండుటకే మ్రొగ్గగా, ఇంగ్లండును వేల్సును వీడుటకు మ్రొగ్గెను. కూటమి ధనము విరివిగా పొందిన కార్న్‌వాల్ సీమయు వీడుదుననెను. సహకారోద్యమమునకు పుట్టినిల్లని మనము ప్రతి సభలోను స్మరించు రాచ్‌డేల్ పట్టణము, 1844లో నేతపనివారు మొదలగువారు కూడి చిన్న అంగడి తెరచిన ఆ పట్టణము, నూటికి 60 వంతున వీడుటకే వోటు వేసెను. సహకారులు సంఘము వీడుదురా యని కొందరు నవ్విరి. కలసి బ్రతుకుటకు ఇష్టపడువాడును ఎవరితో కలియవలెనో తానే నిర్ణయించుకొనును గదా!

ప్రచారమున రెండు పక్షములును సత్యమునకు నీళ్లు కలిపెను. వారమునకు 35 కోట్ల పౌండ్లు కూటమికి పంపుచున్నామని వీడువారు ఎఱ్ఱని బస్సుమీద వ్రాయించి ఊరేగిరి. 1984లో మార్గరెట్ థాచర్ సాధించిన తగ్గింపును, రైతులకు తిరిగి వచ్చు సొమ్మును అందులో మినహాయింపలేదు. ఆ అంకె జనులను తప్పుత్రోవ పట్టించునని ప్రభుత్వ గణాంక సంస్థ మందలించినను బస్సు ఆగలేదు. రెండవ పక్షమున ఆర్థిక మంత్రి, వీడుటకు వోటు పడిన తక్షణమే వ్యాపారము కుంటుపడుననియు, 3000 కోట్ల పౌండ్లకు పన్నులు పెంచి ఖర్చులు తగ్గింపవలసివచ్చుననియు బెదిరించెను. వోటు పడెను, ఆ తక్షణ ప్రళయము రాలేదు. నష్టము వచ్చినది నెమ్మదిగా; వీడుటవలన దేశపు ఉత్పాదకశక్తి కాలక్రమమున నూటికి 4 వంతులు తగ్గునని వారి బడ్జెటు పరిశీలన సంస్థ అంచనా. అరచి భయపెట్టినవారి మాట తప్పుటచే, మెల్లగా హెచ్చరించినవారి మాటయు విలువ కోల్పోయెను. వోటునకు వారము దినముల ముందు, జూను 16 తేదీని, ఉండవలెనని ప్రచారము చేయుచున్న జో కాక్స్ అను పార్లమెంటు సభ్యురాలిని ఆమె నియోజకవర్గములోనే ఒక దుర్మార్గుడు హత్య చేసెను. ఇద్దరు పసిపిల్లల తల్లి. ఒక దేశము తన సభ్యత్వమును గూర్చి మాటలాడుకొనుచు అంతవరకు పోయెను.

వోటు లెక్క తేలిన నాడే ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ పదవి వదలుదునని ప్రకటించెను. అప్పుడు గాని ఖాతా తీయువారు లేకపోయిరి. వీడుట యనగా ఏమి? నార్వే వలె విపణిలో నుండి, నిబంధనలు పాటించుచు, వాటిని చేయు సభలో వోటు లేకుండుటయా? సుంకముల వఱకు కలసియుండుటయా? పూర్తిగా తెగదెంపులా? వీడుదుమన్న 174 లక్షల మందిలో ఎవరెందులకు వోటు వేసిరో చెప్పువాడు లేడు. ప్రతి నాయకుడును ప్రజల తీర్పు తన వైపేననెను. థెరీసా మే దొరసాని కుదుర్చుకొనివచ్చిన ఒప్పందమును 2019 జనవరి 15న పార్లమెంటు 202కు 432 వోట్లతో త్రోసివేసెను. మార్చిలో మఱి రెండు మారులు త్రోసివేసెను. మార్చి 27న ఎనిమిది మార్గములను సభ ముందుంచగా ఎనిమిదింటిలో ఒక్కదానికిని మెజారిటీ రాలేదు. వీధులలో లక్షలకొలది జనులు మరల వోటు కావలెనని నడచిరి. వీడుట ఆలస్యమాయెనని మఱికొందరు పార్లమెంటు ముంగిట కేకలు వేసిరి. 2019 డిసెంబరు ఎన్నికలో బోరిస్ జాన్సన్ 80 స్థానముల ఆధిక్యముతో గెలిచెను. 2020 జనవరి 31 రాత్రి బ్రిటను కూటమిని వీడెను.

మరల వోటు పెట్టవలసినదా యని మమ్మడుగువారు కలరు. ముందే చెప్పి పెట్టినచో న్యాయము. ఓడిన పిదప కోరినచో ఎదుటివానికి మోసముగా తోచును. ఇట్లు ముందే చెప్పి చేసిన దేశమొకటి కలదు, అది మన న్యూజీలండే. ఎన్నికల పద్ధతి మార్చవలెనా యని 1992లో ఒక వోటు పెట్టి, మార్చవలెనని తేలిన పిదప, క్రొత్త పద్ధతి యేదో చట్టముగా వ్రాసి, పాతదానిని క్రొత్తదానిని ప్రక్కప్రక్కన నుంచి 1993లో రెండవ వోటు పెట్టిరి. ఓడినవారు మోసమనలేదు. బ్రిటను ఆ త్రోవ త్రొక్కి యుండినచో, వీడుటయే గెలిచినను, గెలిచినదేదో అందరికిని తెలిసియుండెడిది.

ఖాతా తీయకపోవుటచే కలిగిన చిక్కు అన్నిటికంటె స్పష్టముగా ఉత్తర ఐర్లండు పాలబిందెలో కనబడును. ఐర్లండు ద్వీపమున దక్షిణ భాగము స్వతంత్ర దేశము, కూటమి సభ్యురాలు. ఉత్తర భాగము బ్రిటనులోనిది. నడుమ ఇంచుమించు 500 కిలోమీటర్ల సరిహద్దు, దానిని దాటు దారులు రెండు వందలకు పైగా. ముప్పదియేండ్లు అచ్చట రక్తము పారెను. 3,500 మందికి పైగా చనిపోయిరి. 1998లో శాంతి ఒడంబడిక కుదిరిన పిదప సైనికుల ఠాణాలు తీసివేయబడెను. సుంకపు చావడులు అంతకు ముందే పోయెను. పొలములు సరిహద్దు కిరుప్రక్కల నుండును. గొఱ్ఱెపిల్లలు లక్షలకొలది దక్షిణమునకు పోవును. ఉత్తరమున పితికిన పాలలో ఇంచుమించు మూడవ వంతు దక్షిణపు కర్మాగారములకు పోయి వెన్నగా, పొడిగా మారును. లేక్‌లండ్ అను పాల సహకార సంఘమునకు ఇరుప్రక్కలను సభ్యులు కలరు. ఒకే సంఘపు బండి రెండు దేశముల కొట్టములలో పాలు పోసికొని వచ్చును.

బ్రిటను కూటమిని వీడగనే ఆ గట్టు కూటమి ఎల్లయైనది. బయటి దేశపు పాలకు సుంకము, పశువైద్యుని పత్రము, సరిహద్దున తనిఖీ కావలెను. తనిఖీకి చావడి కావలెను. చావడి కట్టినచో పాత రక్తపాతము మేల్కొనునేమో యని అందరికి భయము. తుదకు, వస్తువుల విషయమునను పశువుల విషయమునను ఉత్తర ఐర్లండు కూటమి నిబంధనలనే పాటించునట్లును, తనిఖీలు బ్రిటను నుండి వచ్చు ఓడల రేవులలో జరుగునట్లును ఏర్పాటు చేసిరి. పాలబండి ఆగలేదు. ఐతే బ్రిటనులోని ఒక భాగమునుండి మఱియొక భాగమునకు సరకు పంపుటకు పత్రములు కావలసివచ్చెను. స్కాట్లండు రైతు విత్తన బంగాళాదుంపలను తన రాజ్యములోనే యున్న ఉత్తర ఐర్లండు రైతునకు అమ్ముకొనలేకపోయెను. బ్రిటనుతో ఐక్యము కోరు అచ్చటి పెద్ద పక్షము కోపించి 2022 ఫిబ్రవరిలో మంత్రివర్గమును వదలి, రెండేండ్ల వరకు తిరిగి రాలేదు. 2023 ఫిబ్రవరిలో విండ్సరున కుదిరిన ఏర్పాటుచే ఈ చిక్కులు కొన్ని సడలెను. ఇంతటి వ్యవహారము 2016 చీటిలో లేదు. ప్రచారములో దాని ప్రస్తావన స్వల్పము. పూచీపడినవాని పేరు మరచి సభ్యత్వము రద్దుచేసిన సంఘములో ఇట్టిదే జరుగును.

ఇప్పుడు లెక్కపుస్తకము విప్పుదము. 2020 డిసెంబరు 24న కుదిరిన వర్తక ఒడంబడికచే సుంకము తప్పెను. గొఱ్ఱెల కాపు గండము గడచెను. కాని ప్రతి మాంసపు బండికిని పశువైద్యుని సంతకము కావలసివచ్చెను. స్కాట్లండు విత్తన బంగాళాదుంప 2021 జనవరి 1 నుండి కూటమి దేశములకు పోవుట నిలిచెను. కూటమి కూలీల రాక హక్కుగా ముగిసెను; 2019లో 2,500గా మొదలిడిన కోతకాలపు అనుమతులు 2021 నాటికి 30,000 అయ్యెను, పోలండువారి స్థానమున కిర్గిజ్, తాజిక్, ఉజ్బెక్ దేశములవారు రాజొచ్చిరి. 2021 శరదృతువున కసాయి పనివారు చాలక, మహమ్మారియు తోడై, వేలకొలది ఆరోగ్యవంతమైన పందులను పొలములలోనే చంపి పారవేసిరి. మేపిన చేతులతో చంపవలసివచ్చిన ఆ కాపుల బాధ, పండిన టొమాటోను ధరలేక రోడ్డుమీద పారబోసిన మన రైతునకు తెలియును.

ఎకరాల చొప్పున ఇచ్చు సొమ్మును ఇంగ్లండులో 2021 నుండి 2027 లోపల క్రమముగా ఎత్తివేయుటకు నిశ్చయించిరి. దాని స్థానమున నేలను, నీటిని, చెట్ల కంచెలను కాపాడు రైతునకు ఆ పనినిబట్టి సొమ్మిత్తురు. మూడు పైరుల నిర్బంధము పోయెను. ఈ మార్పు సూత్రమున మంచిదనియే మా తలంపు. ఉత్తదిగా విస్తీర్ణమునకు ధనమిచ్చుటకంటె చేసిన పనికి ఇచ్చుట మేలు. కాని 2025 మార్చి 11న ఆ క్రొత్త పథకములలో పెద్దదానిని ఆ యేటి సొమ్ము అయిపోయెనని చెప్పి, ముందు సూచన లేక ఒక్క పూటలో క్రొత్త దరఖాస్తులకు మూసివేసిరి. పాత సొమ్ము తగ్గుచుండగా క్రొత్త సొమ్మునకు తలుపు మూసిన ఆ దినమున, మన ప్రభుత్వమే నేరుగా ఇచ్చునన్న పాత మాటను అచ్చటి రైతులు తలచుకొనియుందురు.

న్యూజీలండు రైతునకు మాత్రము కాలచక్రము తిరిగెను. స్వతంత్రముగా ఒప్పందములు చేసికొనవచ్చునన్న ఉత్సాహమున బ్రిటను ఆస్ట్రేలియాతో 2021 డిసెంబరులోను, న్యూజీలండుతో 2022 ఫిబ్రవరిలోను సంతకములు చేసెను. రెండును 2023 మే 31న అమలులోనికి వచ్చెను. వారి గొఱ్ఱె మాంసము పదునైదేండ్ల గడువుతో సుంకము లేకయే వచ్చును. యాభై యేండ్ల క్రిందట మూసిన తలుపు తెరచుకొనెను. ఈసారి ఖరీదు చెల్లించువాడు వేల్సు కొండలమీది గొఱ్ఱెల కాపు. వీడుట మేలన్న జార్జి యూస్టిస్ గారే, మంత్రిపదవి పోయిన పిదప 2022 నవంబరులో, ఆస్ట్రేలియా ఒప్పందము తమకంత మంచిది కాదని పార్లమెంటులో ఒప్పుకొనిరి. పదవిలో నున్నపుడు ఆ మాట అనకపోయిరేమని అడుగుట సులభము. అధికారములో నున్నవాడు నోరు కట్టుకొనుట ఎల్ల దేశములందును ఉన్నదే.

ఈ స్వతంత్రముచేతనే బ్రిటను మన దేశముతోను ఒప్పందము చేసికొనగలిగెను. 2025 జులై 24న చెకర్స్ భవనమున దానిపై సంతకములు జరిగెను. మన రొయ్యలమీద అచ్చట 4.2 మొదలు 8.5 వంతుల వఱకు ఉన్న సుంకము తీసివేయుటకు అందులో అంగీకరించిరి. భీమవరము, నెల్లూరు ప్రాంతముల చెరువుల కాపులకు ఇది లాభించునది. మన దేశము పాల సరకులను, వంటనూనెలను రాయితీలనుండి మినహాయించుకొనెను. రెండు మూడు గేదెలతో బ్రతుకు మన పాల రైతును తలచినచో అది సరియైన పని. బ్రిటను వీడుట మనకు మేలాయెను గదా యని ఒక మిత్రుడనెను. కూటమితోను మన దేశము 2022 నుండి మరల సంప్రతింపులు సాగించినది కావున, వీడనిచో రొయ్యకు దారియే లేకుండెడిదని చెప్పుటకు వీలులేదు. ఇక వలసలను తగ్గించుటకే వీడితిమన్నవారు మఱియొక వింత చూచిరి. కూటమి దేశములనుండి రాక తగ్గెను, మన దేశమునుండియు నైజీరియానుండియు విద్యార్థుల, పనివారల రాక ఎన్నడును లేనంత పెరిగెను. వారిలో మన తెలుగు పిల్లలును కలరు.

2025 మే 19న బ్రిటనును కూటమియు లండనులో కలసికొని, సస్యములయు పశువులయు ఆరోగ్య నియమములలో ఉమ్మడి ఒడంబడిక చేసికొనుటకు అంగీకరించెను. అది సిద్ధమైనచో పశువైద్యుని పత్రములు చాల వఱకు తప్పును. అందులకు బ్రిటను ఆ విషయములలో కూటమి నిబంధనలను అనుసరింపవలెను. వాటిని చేయు సభలో దానికి వోటుండదు. అదే దినమున కూటమి పడవలకు బ్రిటను జలములలో చేపలు పట్టుకొను సెలవు 2038 వఱకు పొడిగింపబడుటచే జాలరులు మండిపడిరి. రైతులలో మాంసము పంపువారు సంతోషించిరి. క్రొత్త విత్తన శాస్త్రము పట్ల ఆశపెట్టుకొన్నవారు, 2023లో తమ పార్లమెంటు చేసిన విత్తన సంస్కార చట్టము ఏమగునోయని సంశయించిరి. స్కాట్లండు విత్తన బంగాళాదుంపల రైతులు మాత్రము ఆ ఒడంబడికలో తమ దుంపల పేరు ఏ పుటలో, ఏ షరతుతో వ్రాయబడునో చూపుమని అడుగనారంభించిరి.